తెగిన లైనుకు అవతలి మనిషి

మొన్న మధ్యాహ్నం తిరుపతిలో, మా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో డ్యూటీ మారే వేళకు, కొత్తగా చేరిన కనకం లేచి నాకు కుర్చీ ఇచ్చింది. రిసీవరు మొహానికి దగ్గరగా తెచ్చుకోగానే లవంగం వాసన గుప్పుమంది. పంటి నొప్పికి ఆ పిల్ల పొద్దున్నుంచి బుగ్గన లవంగం పెట్టుకుందట. ఎండకు వేడెక్కిన నల్లటి రిసీవరు, దానిమీద ఇంకా ఆరని ఊపిరి, అందులో లవంగం ఘాటు. ఎదురుగా బోర్డు మీద ఎవరో పిలుస్తున్నారు. నేను వెంటనే పలకలేకపోయాను. ఆ కాసేపు నేను చిత్తూరులో, దేవసహాయం సారు అప్పుడే లేచి వెళ్ళిన కుర్చీలో ఉన్నాను.

నాకిప్పుడు ఇరవై ఆరేళ్ళు. అందులో ఆరేళ్ళకు పైగా టెలిఫోను చేతిలోనే గడిచిపోయాయి. నిద్రలో కూడా నా కుడిచేతి వేళ్ళు రిసీవరు పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంటాయని మా అమ్మ అంటుంది. ఈ వయసులో జ్ఞాపకాలు రాయడమేమిటని అన్నయ్య వెక్కిరిస్తున్నాడు. వాడికి నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయదగింది కాదు. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అది ఇప్పటికి ఈ మాత్రం అదుపులో ఉందంటే దానికి కారణం ఒక మనిషి. ఆయన్ని చూడనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మాది చెన్నపట్నం. పుట్టిందీ పెరిగిందీ ట్రాము గంటల మధ్య. జపాను విమానాలు వస్తాయని పట్నం సగానికి సగం ఖాళీ అయినప్పుడు, మేము కూడా రెండు పెట్టెలతో చిత్తూరులో మామయ్య ఇంటికి చేరాం. నాన్న పనిచేసే అచ్చాఫీసు మూతపడింది. మాలాగే పట్నం నుంచి వచ్చినవాళ్ళతో ఊరు నిండింది, ఫోన్లు పెరిగాయి, ఆపరేటర్లు కావలసివచ్చారు. కాన్వెంటులో చదువుకున్న ఇంగ్లీషు ఉంది కనుక నన్ను తాత్కాలికంగా తీసుకున్నారు. ఆ ఉద్యోగం వల్లే మామయ్య ఇంట్లో మేము తలెత్తుకుని అన్నం తినగలిగాం. అందుకని అది పోతుందేమోనన్న భయం నాకు ఎప్పుడూ ఉండేది. అయితే నా నోటికి ఆ భయం తెలిసేది కాదు.

ఎక్స్ఛేంజి అంటే పెద్దగా ఊహించుకోకండి. పెంకుటింట్లో ఒక గది, గోడకు ఆనించిన చెక్క బోర్డు. బోర్డు నిండా రంధ్రాలు, ఒక్కో రంధ్రం మీద ఇత్తడి రేకు మూత. ఊళ్ళో ఎవరైనా తమ ఫోన్ పిడి తిప్పితే, వాళ్ళ నంబరు మూత టక్కున కిందికి పడుతుంది. మేము ఆ రంధ్రంలో తీగ గుచ్చి, ఎవరు కావాలో అడిగి, ఇంకో తీగ ఇంకో రంధ్రంలో గుచ్చి ఇద్దరినీ కలపాలి. పొరుగూళ్ళ ఫోనయితే అది ట్రంకు కాలు. పని చేసేది ముగ్గురం: పెద్ద దిక్కుగా దేవసహాయం సారు, నాకంటే పదేళ్ళు పెద్దయిన మునిరత్నం, నేను.

సారు చేతులు చూస్తే ఆఫీసు చేతులని ఎవరూ అనుకోరు. అరచేతులు కాయలు కాచి చెక్కలా ఉండేవి. పదిహేనేళ్ళ వయసులో టెలిఫోన్ స్తంభాలకు గుంతలు తవ్వే కూలీగా చేరాడు. తర్వాత స్తంభాలెక్కి తీగలు కట్టే లైన్‌మన్ అయ్యాడు. మిషన్ బడిలో నేర్చుకున్న నాలుగక్షరాల ఇంగ్లీషు తప్ప ఆయనకు చదువు లేదు. మిగతాదంతా స్తంభం మీద కూర్చుని, పరీక్ష ఫోను చెవికి ఆనించుకుని, పై అధికారులు ఒకరికొకరు చెప్పుకునే రిపోర్టులు వింటూ నేర్చుకున్నాడు. అందుకే ఆయన ఇంగ్లీషంతా జరిగిపోయిన సంగతులు చెప్పే ఇంగ్లీషే. 'ద వైర్ దట్ కేమ్ డౌన్ నియర్ పాకాల' అంటే పాకాల దగ్గర కింద పడిన తీగ. 'ద బుల్లక్ దట్ నాక్డ్ డౌన్ ద పోల్' అంటే స్తంభాన్ని పడగొట్టిన ఎద్దు. ఇటువంటివి ఆయన నోట తడుముకోకుండా వచ్చేవి. రేపు ఏం చేస్తారు సార్ అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం నవ్వి తెలుగులోకి దిగేవాడు.

"రేపటి సంగతి రిపోర్టులో ఎవురు రాస్తారమ్మా? అందుకే నేర్సుకోలా" అనేవాడు.

ఆయన ఎక్స్ఛేంజిలో ఒక పద్ధతి పెట్టాడు. డ్యూటీ దిగిపోయేవాళ్ళు లేచి నిలబడి, ఎక్కేవాళ్ళకు, ఏయే లైను మీద ఎవరెవరు ఎదురుచూస్తున్నారో ఇంగ్లీషులో చెప్పాలి. ప్రతి వాక్యం మనిషితో మొదలుకావాలి. 'ద డాక్టర్ హూ ర్యాంగ్ అప్ ఎట్ నైన్', తొమ్మిదికి ఫోన్ చేసిన డాక్టరు. 'ద లేడీ హూ గేవ్ అప్', విసిగిపోయి వదిలేసిన ఆవిడ. మొదటి రోజు నేను నవ్వాను. కాన్వెంటులో చదివిన నాకు స్తంభం మీద ఇంగ్లీషు నేర్చుకున్నాయన నేర్పడమేమిటని లోపల అనుకున్నాను. పైకి మాత్రం, ముగ్గురమూ తెలుగువాళ్ళమే కదా, తెలుగులో చెప్పుకుంటే పోలేదా సార్ అన్నాను.

"సరే, తెలుగులోనే చెప్పు సూద్దాం" అన్నాడు, కుర్చీలో కూర్చుంటూ.

"పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి, తిరుపతి లైను కలవకపోతే అరగంట కాచుకుని, మళ్ళీ చేస్తానని చెప్పి పెట్టేసిన..."

టక్కున మూత పడింది. సారు తీగ గుచ్చాడు, మాట్లాడాడు, ఇంకో మూత పడితే అదీ చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "పెట్టేసిన?" అన్నాడు.

నాకు గుర్తు రాలేదు. ప్లీడరా, సత్రం మేనేజరా, ఇంకెవరైనానా.

"సూసినావా. మన తెలుగు బంగారమే. తీరిగ్గా కూసోని వినేవాళ్ళకి. కతంతా చెప్పి, కడాన మనిషిని తెస్తాది. ఈడ కడాకా ఎవురు చెప్పనిస్తారు? మద్దెలో మూత పడతాది. చేసిన పని మిగిలిపోతాది, మనిషి మాయమైపోతాడు. వాళ్ళ భాషలో మనిషిని ముందర నిలబెట్టి, ఆయప్ప చేసింది ఎనకాల చెప్తారు. మాట యాడ తెగినా మనిషి మిగులుతాడు."

గోడవారన తన వంతు కోసం కూర్చున్న మునిరత్నం కళ్ళు తెరవకుండానే, "ఇంగ పట్నమ్మకు కోపమొచ్చింది సార్, ముక్కు సూడండి" అన్నాడు. ఆ పూట నుంచి నా పేరు పట్నమ్మ అయిపోయింది.

వెనకాల వచ్చే ఆ చిన్న మాటల గురించి కూడా ఆయన చెప్పేవాడు. అప్, ఆఫ్, త్రూ, బ్యాక్. కాన్వెంటులో వీటి జాబితా బట్టీ పట్టించారు కానీ ఎందుకో ఎవరూ చెప్పలేదు. సారు కిటికీ లోంచి స్తంభం చూపించేవాడు.

"స్తంభం ఒకటే. పైన పింగాణీ గుబ్బలు సూడు. ఈ గుబ్బకు కట్టిన తీగ వేలూరుకు పోతాది. పక్క గుబ్బది తిరుపతికి. ర్యాంగ్ అనేది స్తంభం. ర్యాంగ్ అప్ అంటే మనిషి కావాలని పిలిచినాడు. ర్యాంగ్ ఆఫ్ అంటే చాలని పెట్టేసినాడు. గుబ్బ మారితే ఊరే మారిపాయ."

మునిరత్నానికి ఇందులో ఒక చిక్కు ఎప్పుడూ ఉండేది. 'ద మ్యాన్ హూమ్ ఐ కట్ హిమ్ ఆఫ్' అనేవాడు. నేను లైను తెంచిన మనిషి అని చెప్పబోయి మధ్యలో 'హిమ్' అని, అతన్ని అని, ఇంకోసారి చేర్చేవాడు. "ఆ మనిషిని ముందరే నిలబెట్టినావు గదప్పా. మళ్ళా ఇంకోణ్ణి యాణ్ణుంచి తెచ్చినావు?" అని సారు అడిగితే, మునిరత్నం గది చుట్టూ చూసి, "బయటికి పంపించినా సార్" అనేవాడు. నాకు నవ్వొచ్చినా, ఇంటికి వెళ్ళేదారిలో ఆ వాక్యాలు నోట్లో ఆడేవి. కాన్వెంటు ఇంగ్లీషు కంటే అవి నాకు ఎక్కువ పనికొచ్చాయి.

నా కోపం గురించి సారు ఉపన్యాసాలు ఇవ్వలేదు. నేను చేరిన ఆర్నెల్లకే ఒక ప్లీడరు గారితో గట్టిగా మాట్లాడి మొదటి ఫిర్యాదు తెచ్చుకున్నాను. ఇంకో ఏడాదికి సినిమా హాలు మేనేజరుతో రెండోది. వేలూరు నుంచి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు, మూడోది వస్తే ఇంటికేనని సారు ఎదుటే చెప్పి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక సారు జేబులోంచి చిన్న డబ్బీ తీసి నాకు ఒక లవంగం ఇచ్చాడు.

"కోపమొస్తే ఇది కొరుకు. నోట్లో మంటగా ఉంటే మాట వెంటనే రాదు."

"మీరు పొద్దస్తమానం నములుతారే సార్."

"మరి నాకు పొద్దస్తమానం వస్తాది గదమ్మా" అన్నాడు.

ఆయన కోపిష్టి అని నేను అంతవరకూ అనుకోలేదు. అరిచిన మాట ఒక్కటి ఆ గదిలో ఆయన నోటి నుంచి వినలేదు. లవంగం వాసన మాత్రం రిసీవరుకు ఎప్పుడూ ఉండేది.

యుద్ధం ముగిసిన ఏడాది, వానాకాలం. గాలివానలకు ఎక్కడో ఒకచోట తీగలు తెగుతూనే ఉన్నాయి. ఆ రోజు నాది పొద్దుటి డ్యూటీ. పన్నెండు గంటలప్పుడు మద్రాసు నుంచి ట్రంకు కాలు వచ్చింది. లైనులో వాన పడుతున్నట్టు ఒకటే రొద. అవతల ఒక మగ గొంతు అరుస్తోంది.

"బెల్లం మండి కావాల. బెల్లం మండి."

"ఏ మండి? నంబరు చెప్పండి."

"నంబరు యాడ తెలుస్తాది? బెల్లం మండి ఇయ్యి."

చిత్తూరులో బెల్లం మండీలు వీధుల నిండా ఉన్నాయి. వాటిలో ఫోన్ ఉన్నవే ఏడెనిమిది. ఆ మాట చెప్పాను. వినిపించలేదు. మళ్ళీ చెప్పాను. ఈలోగా నాలుగు మూతలు పడ్డాయి, అందులో ఒకటి ఆస్పత్రిది. అవతలి మనిషి గొంతు ఇంకా పెంచి, "మేయ్, నీకు చెవుడా? మండి ఇయ్యి మే" అన్నాడు.

ఇక్కడివాళ్ళు కూతుర్ని, మరదల్ని, పక్కింటి ఆడపిల్లను కూడా 'మే' అనే పిలుస్తారు. మూడేళ్ళుగా వింటున్నదాన్నే. ఆ క్షణంలో మాత్రం పట్నం రక్తం నెత్తికెక్కింది. లవంగం సంచిలో ఉంది, సంచి గోడకు ఉంది. నేను తీగ పట్టుకుని పీకేశాను.

గది ఒక్కసారిగా ప్రశాంతంగా అనిపించింది. అంతకంటే సిగ్గుచేటు సంగతి, హాయిగా అనిపించింది. ఆస్పత్రి లైను కలిపాను. చీటీ మీద 'మద్రాసు ట్రంకు, పన్నెండు, తెగింది' అని రాశాను. తెగింది అన్న మాట ఎంత సులువుగా వచ్చిందో. దానంతట అదే తెగినట్టు.

రెండు గంటలకు సారు గొడుగు మూసుకుంటూ వచ్చాడు. నేను లేచి నిలబడి ఒప్పజెప్పడం మొదలుపెట్టాను. ఆస్పత్రిలో ఎవరు ఎదురుచూస్తున్నారో, కలెక్టరు కచేరీలో ఎవరు మళ్ళీ చేస్తానన్నారో చెప్పాను. తర్వాత, "ద మ్యాన్ హూ వజ్ కట్ ఆఫ్ ఎట్ ట్వెల్వ్" అన్నాను. పన్నెండుకు లైను తెగిపోయిన మనిషి.

"ఎవురాయప్ప?" అన్నాడు సారు. "వానకు తెగిందా?"

టక్కున మూత పడింది. ఆయన బోర్డు వైపు తిరిగాడు. ఒకదాని వెంట ఒకటి మూడు కాల్స్. నా సంచి నా భుజాన ఉంది. నేను వెళ్ళిపోవచ్చు. ఆ వారంలో తెగిన లైన్ల లెక్కలో ఇదీ కలిసిపోతుంది. అవునని తలూపినా చాలు. మూడో ఫిర్యాదు ఉండదు, మామయ్య ఇంట్లో మా కంచాలు కదలవు. గొడుగు నుంచి నీళ్ళు కారి నేల మీద చిన్న మడుగు అయ్యింది. ఆ మడుగు నా చెప్పు దాకా వచ్చేవరకు నిలబడే ఉన్నాను.

ఆయన తిరిగి, "ఆఁ, తెగిందంటివి" అన్నాడు.

"తెగలేదు సార్. నేనే పీకేశాను."

సారు నా మొహం చూడలేదు. డబ్బీ తీసి, లవంగం ఒకటి బుగ్గన పెట్టుకున్నాడు. అది కొరికిన చప్పుడు వినిపించింది. తర్వాత, "ఏం కావాలన్నాడు?" అని మాత్రం అడిగాడు.

"బెల్లం మండి అన్నాడు. ఏ మండో తెలీదు. బాగా అరిచాడు సార్."

"ఊరికే అరిచేదానికి అంత దూరం నుంచి ఎవురూ ట్రంకు కాలు చెయ్యరమ్మా. నీ డ్యూటీ ఇంకా అయిపోలా. కూసో. ఆయప్పను పట్టుకో."

పక్క కుర్చీ లాగాడు. ఊరి లైన్లు ఆయన చూసుకున్నాడు, నేను మద్రాసు లైను పట్టుకున్నాను. అది కలవడానికే ముప్పావు గంట పట్టింది. అక్కడి ట్రంకు బోర్డు మీద ఉన్నది ఒక ఆంగ్లో ఇండియన్ అమ్మాయి, పన్నెండుకు నాకు ఆ ట్రంకు కాలు ఇచ్చింది ఆమే. నేను ఇంగ్లీషులో, పన్నెండుకు లైను తెగిపోయిన మనిషి ఎవరో కనుక్కోవాలి అన్నాను. ఆమె విసుగ్గా నవ్వింది. ఈ వానలో తెగినవాళ్ళను లెక్కపెట్టే తీరిక తనకు లేదంది.

నేను సారు వైపు చూశాను. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "ద మ్యాన్ ఐ కట్ ఆఫ్" అన్నాను. నేను తెంచిన మనిషి.

ఆమె గొంతు మారింది. "వానకు తెగినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. నువ్వు తెంచినవాడైతే ఒక్కడే. నాకు ఆ చప్పుడు వినబడింది. ఉండు" అంది ఇంగ్లీషులో. హార్బరు దగ్గర ఒక షెడ్డులో ఉన్న ఆఫీసుకు కలిపింది.

అక్కడి గుమాస్తా తమిళాయన. నాకు తమిళం వచ్చు కనుక సంగతి తొందరగా తేలింది. బర్మా వైపు నుంచి ఓడలో దిగిన సిపాయిలు, లారీ కోసం షెడ్డులో కాచుకుని ఉన్నారట. అందులో ఒకతను బతిమాలితే తను ఫోన్ చెయ్యనిచ్చాడట. పిలుచుకొస్తానని వెళ్ళాడు. రిసీవరులో దూరంగా ఇనప సామాను చప్పుడు, ఎవరో పేరు పెట్టి పిలవడం, పరిగెత్తే బూట్లు.

"హలో" అన్నాడు. అదే గొంతు. ఇప్పుడు అరవడం లేదు.

"చిత్తూరు ఎక్స్ఛేంజి నుంచి. ఇందాక పన్నెండుకు మీ లైను నేనే పీకేశాను."

"నువ్వేనా మే" అన్నాడు. ఆశ్చర్యం తప్ప ఆ గొంతులో ఇంకేం లేదు. "మళ్ళా చేసినావా? నాకోసం?"

పేరు చెంగల్రాయుడు. తల్లి నాగమ్మ, బెల్లం దిమ్మలకు చాపలు చుట్టే పని. ఏ మండిలో చేస్తోందో తెలియదు. ఏడాదిన్నరగా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఉత్తరం లేదు. మర్నాడు పొద్దున తమను బొంబాయి వైపు రైలెక్కిస్తున్నారు. మధ్యాహ్నం రేణిగుంటలో బండి కొంతసేపు ఆగుతుంది. అమ్మ వస్తే చూసుకోవచ్చు. లేకపోతే మళ్ళీ సెలవు ఎప్పుడో.

"టెలిగ్రాం ఇవ్వలేదేం?" అన్నాను.

"అయ్యో, తంతి వద్దు. మా పక్కూళ్ళో తంతి వచ్చినోళ్ళ ఇండ్లల్లో ఏడుపే గదా. మా యమ్మకు సదువు రాదు. అది సదివించుకునే లోపలే ఆయమ్మ గుండె ఆగిపోతాది. ఎవురన్నా నోటితో చెప్పాల. అందుకే మే ఫోన్ చేసింది."

నేను చెప్తానన్నాను. లైను అప్పుడు నిజంగానే తెగిపోయింది, వానకు.

సారు అప్పటికే ఫోన్ ఉన్న మండీలన్నింటి నంబర్లు కాగితం మీద రాసి పెట్టాడు. ఒక్కొక్కటిగా మోగించాం. "నాగమ్మ అని, కొడుకు మిలిటరీలో ఉన్నాయమ్మ, మీ దగ్గర ఉండాదా?" అని ఆయన అడుగుతున్నాడు. అయిదో మండి గుమాస్తా ఉందన్నాడు. పిలుస్తాలే, ఏందో చెప్పు అని కూడా అన్నాడు. సారు వద్దన్నాడు.

"ఎక్స్ఛేంజి నుంచి ఫోనంటే కూడా జడుసుకుంటాది. నువ్వు పోయి చెప్పు" అన్నాడు నాతో. నేను వివరాలు రాసుకున్న కాగితం తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "కాయితం వద్దు. చేతిలో ఏమీ పెట్టుకోవద్దు, రెండు చేతులూ కనపడేలా పో. ఇంకొక మాట. నేను నేర్పిందంతా ఆడ మరిసిపో. నీ కొడుకు అని మొదులుపెట్టి ఊపిరి పీల్సుకున్నావంటే, ఆ ఊపిరి లోపలే ఆయమ్మ సచ్చిపోతాది. ముందర వస్తా ఉండాడు అను. ఎవురనేది ఎనకాల చెప్పినా ఫరవాలా."

ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి ఒట్టి చేతులతో వీధిలో నడిచినట్టు అనిపించింది. వాన తెరిపిచ్చింది. మండి అరుగు మీద మగ్గిన బెల్లం వాసన, ఈగలు, తడిసిన చాపలు. గుమాస్తా లోపలికి తిరిగి, "నాగమ్మా, ఆఫీసు నుంచి ఎవురో నీకోసరం" అని కేకేశాడు. చెప్పకూడని పద్ధతిలో చెప్పనే చెప్పేశాడు.

దిమ్మల మధ్య కూర్చున్న ఒక సన్నటి ఆవిడ తలెత్తింది. నా మొహం చూడలేదు. నా చేతులు చూసింది. ఒక చెయ్యి, ఆ తర్వాత ఇంకో చెయ్యి.

"వస్తున్నాడమ్మా" అన్నాను. "రేపు మధ్యాహ్నం, రేణిగుంటకి. బాగున్నాడు, ఫోన్లో మాట్లాడాను. చెంగల్రాయుడు."

ఆవిడ చేతిలో ఉన్న చాప చుట్టడం పూర్తి చేసింది. తాడు వేసి ముడి కూడా వేసింది. తర్వాత ఆ ముడి విప్పి, చాప విప్పి, ఆ దిమ్మను అలాగే చూస్తూ కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్ళు వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాక గానీ ఏడవలేదు.

అప్పుడు చెప్పకపోయినా ఎవరూ అడగరు. అయినా చెప్పాను. "మధ్యాహ్నమే చేశాడమ్మా. కోపంలో నేను పెట్టేశాను."

"వాడు అరిసింటాడు" అంది కళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళ నాయన మాదిరే, వానికి మెల్లిగా మాట్లాడేది రాదు. మళ్ళా కలిపినావు గదా పాపా."

నాగమ్మ తెల్లవారు బండిలో పాకాల మీదుగా వెళ్ళింది. రెండో రోజు సాయంత్రం ఎక్స్ఛేంజి గుమ్మం దగ్గరికి వచ్చి, విస్తరాకులో చుట్టిన బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. బండి పావుగంట ఆగిందట. కొడుకు కిటికీలోంచి చెయ్యి బయటపెడితే ఆ చెయ్యి పట్టుకుని నిలబడిందట. ఏం మాట్లాడుకున్నారని మునిరత్నం అడిగాడు. "ఏమీ మాట్లాళ్ళా అప్పా. కట్టుకుపోయిన బువ్వ వాడు తిన్నాడు, నేను సూసినా" అంది. మునిరత్నం ఆ పూట ఒక్క వేళాకోళం కూడా చెయ్యలేదు.

నేను పీకిన తీగ సంగతి సారు దాచలేదు. దాచమని నేనూ అడగలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు రిపోర్టు తీసి ఆయన ముందు పెట్టాడు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఇన్‌స్పెక్టరు చివరి వాక్యం పైకి చదివాడు. 'ద ఆపరేటర్ హూ కట్ హిమ్ ఆఫ్ ఈజ్ ద ఆపరేటర్ హూ ట్రాక్డ్ హిమ్ డౌన్.' అతని లైను తెంచిన ఆపరేటరే, అతన్ని వెతికి పట్టుకున్న ఆపరేటరు.

"రెండూ ఒకే వాక్యంలో ఎందుకు రాశావు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"రెండూ ఒకే మనిషి సార్" అన్నాడు సారు.

ఉద్యోగం పోలేదు. పర్మనెంటు కావడం మాత్రం ఇంకో ఏడాది వెనక్కి జరిగింది. అది న్యాయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ రోజు ఇంటికి వెళ్తూ సారును అడిగాను, మీరు కూడా ఎప్పుడైనా ఎవరి లైనైనా తెంచారా అని. ఆయన గొడుగు తెరుస్తూ, "లవంగాలు ఊరికే కొంటానా అమ్మా?" అన్నాడు. ఎవరిదో, ఆ మనిషి తర్వాత దొరికాడో లేదో చెప్పలేదు. నడుస్తూ ఎప్పటిలాగే స్తంభాల మీద తీగల వైపు చూశాడు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది ఆయన పని చాలించి సొంత ఊరు వెళ్ళాడు. నేను తిరుపతికి వచ్చాను. అప్పుడప్పుడు ఉత్తరం రాస్తాడు, తెలుగులో. మొన్నటి దానిలో మాత్రం చివర ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. రేపటి సంగతులు చెప్పే ఇంగ్లీషు ఇప్పుడు మనవడి దగ్గర నేర్చుకుంటున్నానని తెలుగులో రాసి, వచ్చే నెల తిరుపతికి వస్తానని ఇంగ్లీషులో పెట్టాడు. 'ఐ విల్ కమ్ ఓవర్.' అక్షరాలు స్తంభాల్లా నిటారుగా ఉన్నాయి.

మొన్న ఆ లవంగం వాసన తగిలినప్పుడు, కనకం నాకు ఒప్పజెప్పకుండానే సంచి భుజాన వేసుకుంది. ఒక ట్రంకు కాలు తెగిందని తెలుగులో గొణిగి వెళ్ళబోయింది. ఆ పిల్లకూ నా ముక్కే, చివర ఎర్రబడుతుంది. నాకు కోపం రావలసిన చోటే అది. బోర్డు వైపు ఒకసారి చూసుకుని, నిలబడి చెప్పమన్నాను, మనిషితో మొదలుపెట్టమన్నాను. ఆ పిల్ల మొహం ముడుచుకుని, కాసేపు గోడ చూసి, "ద ఓల్డ్ మ్యాన్ హూ ర్యాంగ్ అప్ ఫ్రమ్ ఏర్పేడు" అని మొదలుపెట్టింది. ఏర్పేడు నుంచి ఫోన్ చేసిన ముసలాయన.

మధ్యలో టక్కున మూత పడింది. మిగతా వాక్యం అక్కడే ఆగిపోయింది. కనకం సంచి దించి గోడకు తగిలించింది. నేను ఏర్పేడు తీగ వైపు చెయ్యి చాపాను.